గుంట పడ్డాది

ఆ చీటీ తొమ్మిది రోజులు నా చొక్కా జేబులో ఉంది. చొక్కా మార్చిన ప్రతి ఉదయం దాన్ని పాత జేబులోంచి తీసి కొత్త జేబులో పెట్టుకునేవాణ్ని. చించేయొచ్చు. చించితే ముక్కలు ఎవరైనా ఏరతారేమోనని అనుమానం. ఇంట్లో దాస్తే ఇంట్లోవాళ్లు చూస్తారని అనుమానం. అరచేతిలో పట్టేంత కాగితం. దాని మీద నా అక్షరాలతో రెండు వాక్యాలు, వెనకవైపు ఒక ఫోను నెంబరు.

నేను పోలీసు వైర్‌లెస్‌లో పనిచేశాను. ఏ ఊళ్లోనో చెప్పను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా చోట్ల చేశాను, వాటిలో ఒకటి అనుకోండి. కంట్రోల్ రూమ్ అంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. పొడుగాటి బల్ల, రెండు ఫోన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, గోడకి జిల్లా మ్యాపు, కాళ్లదగ్గర చెత్తబుట్ట. బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. ఒకరు ఫోనెత్తి, అవతలి మనిషి చెప్పింది చీటీ మీద రాస్తారు. రెండోవారు ఆ చీటీ చూసి, సెట్టులో గస్తీ బండికి చెప్పి, లాగ్ పుస్తకంలో ఎక్కించి సంతకం చేస్తారు. పుస్తకంలో ఎక్కిన తర్వాత చీటీతో పనిలేదు. బుట్టలోకి పోతుంది.

నా గొంతుకి పేరుండేది. సెట్టులో నా మాట వర్షంలో కూడా అర్థమవుతుందని గస్తీ బళ్లవాళ్లు అనేవారు. నా చీటీల్లో తెలుగు తప్పుండదని అధికారులు అనేవారు. ఆ రెండోదే నాకు ఎక్కువ ఇష్టం. మాది శృంగవరపుకోటకి అవతల, కొండల కింద ఊరు. ట్రైనింగుకి వెళ్లిన కొత్తలో నేను "ఏటి" అన్నప్పుడల్లా మిగతా జిల్లాల వాళ్లు నవ్వేవారు. ఒకడైతే రాత్రి భోజనాల దగ్గర నాలాగా మాట్లాడి చూపించేవాడు. ఏడాది తిరక్కుండా నా నోట్లోంచి మా ఊరు పోయింది. మా అమ్మ ఫోన్లో "నీ మాటేటిరా, రేడియో పెట్టినట్టున్నాది" అంటే మెచ్చుకుంటోంది అనుకునేవాణ్ని.

నాకు జోడీగా వచ్చిన అమ్మాయిది శ్రీకూర్మం దాటి సముద్రం ఒడ్డున ఒక జాలర్ల ఊరు. వాళ్ల నాన్న వేటకి వెళతాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. పాతికేళ్లు ఉంటాయేమో. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. నన్ను మొదటిరోజు నుంచే బాబాయ్ అంది. ఆమె మాట్లాడే తీరు నాకు నచ్చేది కాదు. ఫోనులో వాళ్ల ఊరి మాటే, సెట్టులోనూ అదే. పైగా ఎవరేం చెప్పినా తిరిగి వాళ్లకే చెప్పేది. "బస్సు కాదు, లారీ అన్నారు. గెడ్డ వంతెనకి ఇవతల అన్నారు. ఇవతలంటే మీరు ఏ పక్కన నిలబడ్డారు?" అని అడిగేది. ఒక నిమిషంలో తేలే ఫోను ఆమె చేతిలో మూడు నిమిషాలు పట్టేది.

"ఆళ్లకి కంగారుగా ఉంటే నువ్వు పరీక్ష పెడుతున్నావు" అన్నాను ఒకసారి. కోపంలో నా నోట్లోంచి "ఆళ్లకి" అని వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"కంగారులో ఉన్నోళ్లు సగం మాట మింగేస్తారు బాబాయ్. ఆ సగం అడక్కపోతే ఎలాగ?" అంది.

ఆమె దగ్గర చిన్న నోటుపుస్తకం ఒకటి ఉండేది. ఫోన్లు లేనప్పుడు అందులో ఏదో రాసుకునేది. నేను చూస్తే మూసేది. నేను చూస్తున్నానని మూసేదో, రాయడం అయిపోయి మూసేదో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం చెప్పగలననే అనుకున్నాను.

ముసురు పట్టిన ఒక ఉదయం. తొమ్మిదిన్నర అయింది. రోడ్లన్నీ గోతులే, ఆ వారమంతా అవే ఫోన్లు. ఇక్కడ గొయ్యి, అక్కడ కల్వర్టు కూలింది, ఆటో దిగబడింది. మోగిన ఫోను నేనే ఎత్తాను. ఒక ముసలమ్మ. పేరు చివర వలస ఉన్న ఊరు చెప్పింది. మావైపు సగం ఊళ్లు వలసలే కాబట్టి మండలం అడిగాను, చెప్పింది. ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు ఇవి. ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"మలుపు కాడ రోడ్డు మీద గుంట పడ్డాది బావూ. నీళ్లల్లో ఉన్నాది. బళ్లోళ్లు సూసుకోకుండా వచ్చేస్తన్నారు. బేగి ఎవుర్నైనా పంపు."

సరే అమ్మా అని పెట్టేశాను. అందమైన అక్షరాలతో చీటీ రాశాను: "మలుపు వద్ద రోడ్డుపై గుంట ఏర్పడినది. నీరు నిలిచి ఉన్నందున వాహనదారులకు కనిపించుట లేదు." కింద, రోడ్ల శాఖకు తెలియజేయాలని; వెనకవైపు ఆ ఫోను నెంబరు.

ఆ అమ్మాయి చీటీ తీసుకుని చదివింది. వెంటనే లాగ్‌లో ఎక్కించలేదు.

"ఆవిడ ఏర్పడినది అన్నాదా, పడ్డాది అన్నాదా బాబాయ్?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదేమో. ఓపాలి ఫోన్ సేసి అడగనా?"

"గొయ్యికి కూడా జాతకం అడుగుతావా? ఎక్కించు" అన్నాను. అప్పటికే రెండో ఫోను మోగుతోంది. ఆమె నేను రాసింది రాసినట్టు పుస్తకంలో ఎక్కించి, రోడ్ల శాఖకి ఫోను చేసి, సంతకం పెట్టింది. ఆ చీటీ మీద టీ గ్లాసు పెట్టుకుని నేను రెండో ఫోను ఎత్తాను.

మాటలు తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. గుంట అంటే అందరికీ గొయ్యి. మావైపు అంతకంటే ముందు ఆడపిల్ల. నా చెల్లెల్ని మా అమ్మ పెళ్లయ్యేదాకా గుంట అనే పిలిచింది. నా కూతుర్ని కూడా పిలవబోతే నేనే మాన్పించాను, బళ్లో నవ్వుతారని. ఆ ముసలమ్మ చెప్పింది, పిల్ల పడిపోయిందని.

బడికి సైకిలు మీద వెళుతున్న పిల్ల. గ్రావెల్ వేసుకుని వెళ్లే టిప్పరు ఒకటి మలుపులో తగిలించి ఆగకుండా పోయింది. రోడ్డు వార నీళ్లలో పడి ఉంది. మేకలు తోలుకుని వస్తున్న ముసలమ్మ చూసింది. ఎవరిదో ఫోను అడిగి మాకు చేసింది. ఆ ఫోనాయన బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. మా గస్తీ బండి అప్పుడు అక్కడికి అయిదు నిమిషాల దూరంలో ఉంది. ముసలమ్మ మాత్రం చీర కొంగు ఊపుతూ రోడ్డు మధ్యన నిలబడి, ముప్పావుగంట తర్వాత ఒక ఆటోని ఆపగలిగింది. పిల్లకి ప్రాణం దక్కింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. కాలు మునుపటిలా అవుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి ఊరివాళ్లు రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. టిప్పరు ఎవరిదో వాళ్లకి తెలుసట. "ఫోన్ సేసినా బండి పంపలేదంటే, పోలీసోళ్లని కొనేశారు" అన్నారు. ఆ మాట సెట్టులోనే విన్నాం, అక్కడికెళ్లిన గస్తీ బండివాళ్లు చెబుతుంటే. వినగానే నేను చేసిన మొదటి పని టీ గ్లాసు ఎత్తి, దాని కిందున్న చీటీ జేబులో పెట్టుకోవడం. గ్లాసు అడుగు గుండ్రంగా అంటుకుని ఉంది. ఆ అమ్మాయి సెట్టుకేసి చూస్తోంది. చూడలేదనే అనుకున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారు లాగ్ పుస్తకం తెప్పించుకున్నారు. అందులో ఆమె రాత, ఆమె సంతకం. రద్దీలో ఫోనెత్తినవాళ్లే పుస్తకంలో ఎక్కించడమూ ఉంది. ఫోన్లు రికార్డు చేసే యంత్రం వానలు మొదలైనప్పుడే చెడిపోయింది. ఫోనెత్తింది ఎవరో చెప్పే కాగితం నా జేబులో తప్ప ఎక్కడా లేదు. సార్‌ది కృష్ణా జిల్లా వైపు, మా దగ్గరకి వచ్చి రెండు నెలలైంది. నన్ను లోపలికి పిలిచారు.

"ప్రమాదం కబురు గోతి కబురుగా ఎలా మారింది? ఎవరో మార్పించారు. టిప్పరు వాడికీ మన బల్లకీ మధ్య ఎవరున్నారు?"

"నాకు తెలీదు సార్."

"ఆ రోజు ఫోన్ తీసింది ఎవరు?"

"చాలా ఫోన్లు వచ్చాయి సార్. గుర్తు లేదు."

ఆయన లాగ్ పుస్తకం మూశారు. "ఆ అమ్మాయి కొత్త. ఎవరితో మాట్లాడుతోందో ఓ కన్నేసి ఉంచండి. సీనియర్లు, మీకు చెప్పక్కర్లేదు."

కన్నేసి ఉంచాను. మొదటి రెండు రోజులు ఆయన చెప్పినందుకు, తర్వాత నా కోసం. ఆమె మర్నాడు సాయంత్రం చెత్తబుట్ట బల్ల కిందనుంచి లాగి, ఒక్కొక్క కాగితం విప్పి చూసింది. చీటీ కోసమే. ఏం పోయిందని అడిగితే "ఒక నెంబరు" అంది. నెంబరు కాదు, నా రాత కావాలి దీనికి, అనుకున్నాను. ఆమె టీ తెచ్చిస్తే, ఎందుకు తెచ్చిందా అని ఆలోచించాను. తేకపోతే, ఎందుకు తేలేదా అని. నోటుపుస్తకంలో రాస్తుంటే పెన్ను కదలికని బట్టి నా పేరు రాస్తోందా అని చూశాను. నా పేరులో రెండు చోట్ల వత్తులున్నాయి. పెన్ను కిందకి దిగినప్పుడల్లా లెక్కపెట్టుకున్నాను.

మధ్యాహ్నం వేటపడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఆమె వరండాలోకి వెళ్లి ఎవరితోనో మాట్లాడేది. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. "ఎన్నొచ్చాయి? పెద్దయ్యెన్ని? నాలుగేనా? అయితే రేపు సూద్దాం." అది వాళ్లమ్మతో చేపల మాట అని నాకు తెలుసు. తెలిసి కూడా సార్‌కి వెళ్లి చెప్పాను. "రోజూ ఒకే వేళకి ఎవరికో ఫోను చేసి ఏవో లెక్కలు చెప్పుకుంటోంది సార్. నాలుగు పెద్దవి అంటోంది. ఏమిటో అర్థం కాలేదు."

అర్థం కాలేదన్నాను. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో ఇది చిన్నది కావచ్చు. అన్నిటికంటే ఎక్కువసార్లు గుర్తొచ్చేది ఇదే.

ఆరో రోజున ఆమెని సెట్టు మీదనుంచి తీసేసి ఫైళ్లు సర్దమన్నారు. తొమ్మిదో రోజు సాయంత్రంలోగా మా ఇద్దరి వాంగ్మూలాలూ ఇవ్వాలి, దాన్నిబట్టి రిపోర్టు పైకి వెళుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల మీద అలాంటి రిపోర్టు వెళితే ఉద్యోగం నిలవదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నా వాంగ్మూలం నేను ముందురోజే రాసి పెట్టుకున్నాను. "సదరు సమాచారము అందిన సమయమున విధి నిర్వహణలో నిమగ్నుడనై ఉన్నందున" అని మొదలై, పేజీ నిండా మంచి తెలుగుతో, ఏమీ చెప్పకుండా ముగుస్తుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ కడగడానికి వెళ్లింది. ఫైళ్ల గదిలో ఆమె సొరుగు లాగాను. నోటుపుస్తకం పైనే ఉంది. నా పేరు కోసం పేజీలు తిప్పాను.

ఎక్కడా నా పేరు లేదు. ఎవరి పేరూ లేదు. అన్నీ మాటలు. ఫోనులో జనం అన్నవి అన్నట్టుగా, ఎదురుగా అడగాల్సిన ప్రశ్నలు. "ఇవతల: ఎక్కడ నిలబడి?" "పోయాడు: చనిపోయాడా, వెళ్లిపోయాడా?" "మావ: మామగారా, మొగుడా, ఊరికే పిలుపా?" ఇలాంటివి పేజీలకి పేజీలు. ఆ ముసురు రోజు పేజీ కూడా ఉంది. "గుంట పడ్డాది: పిల్లా, గొయ్యా? మనిషేనా అని అడగాలి. అనుమానం వచ్చాక కూడా ఎక్కించేశాను. అది నా తప్పు. నెంబరు దొరికితే ఫోన్ చేసి ఆ ముసలమ్మ ఎవరో కనుక్కోవాలి. పాప ఎలాగుందో అడగాలి."

"దొరికిందా బాబాయ్?"

గుమ్మంలో ఉంది. చేతిలో తడి క్యారేజీ.

"అడిగితే ఇద్దును కదా. సొరుగు లాగడం ఏటికి?"

నా నోట వచ్చింది సిగ్గుమాలిన ప్రశ్నే. "నా పేరెందుకు రాయలేదు?"

"నీ పేరుతో ఎవురైనా ఫోన్ సేస్తారేటి? మాటతో సేస్తారు." క్యారేజీ బోర్లించి నీళ్లు దులిపింది. "మొన్న సారు పిలిసి, పెద్దయ్యి నాలుగు అంటే ఏటని అడిగారు. కోనాలు సార్, మా అమ్మ అమ్ముతాది, మీకు కావాలా అన్నాను. సారు నవ్వలేదు. కిటికీ కాడ నిలబడింది నువ్వే కదా?"

"నేనే."

"కోనం అంటే నీకు తెల్దా?"

"తెలుసు."

ఆమె ముఖం అప్పుడు మారింది. గుంటని గొయ్యి అనుకున్నందుకు మారని ముఖం దీనికి మారింది. "నానింకా తెలీక సెప్పావనుకున్నాను" అని, తన వాంగ్మూలం కాగితం తీసి టేబులు మీద పెట్టింది. చదవమన్నట్టు కాదు, ఊరికే. నేను చదివాను. అందులో నాలుగే వాక్యాలు. చీటీ తనకి అందిందని, అనుమానం వచ్చిందని, తిరిగి ఫోను చేసి అడగాల్సిందని, అడగలేదని. చీటీ ఎవరు ఇచ్చారో, తను అడిగితే ఎవరు వద్దన్నారో రాయలేదు.

"ఇది ఇస్తే నీ ఉద్యోగం పోద్ది" అన్నాను.

"నాను సేసింది రాసాను. నువ్వు సేసింది నాను రాస్తే ఎలాగ?"

జేబులోంచి చీటీ తీశాను. చెమటకి మెత్తబడి, మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఆమె దాన్ని తిరగేసి ముందు వెనకవైపు నెంబరు చూసింది. నోటుపుస్తకంలో రాసుకుని, చీటీ నాకే ఇచ్చేసింది.

నా పాత వాంగ్మూలం పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాను. ముసలమ్మ అన్న మాటలు అన్నట్టే రాశాను. ఆమె అడిగిన ప్రశ్న, నేను జాతకం గురించి వేసిన వెటకారం, గ్లాసు కింద చీటీ, చేపల లెక్క, అన్నీ రాశాను. రాస్తుంటే ఎక్కడెక్కడో "ఉన్నాది", "అన్నాది" అని పడ్డాయి. కొట్టెయ్యలేదు.

సార్ రెండుసార్లు చదివారు. "ఇదేం తెలుగయ్యా?"

"మాది సార్."

"గుంట అంటే అమ్మాయా?" ఆయన నిజంగానే అడిగారు. తొమ్మిది రోజులు ఆయన టిప్పరు వాడి ఫోన్లు, ఆ అమ్మాయి ఫోన్లు, ఎవరు ఎవర్ని ఎక్కడ కలిశారో ఆరా తీశారు. ఆ ఒక్క మాట అర్థం ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ని, ఆయన కోసం గూఢచారి పని చేస్తూ ఆయన ఎదుటే నిలబడ్డాను.

ఆమెని మళ్లీ సెట్టు మీద కూర్చోబెట్టారు. నాకు మెమో ఇచ్చి, వాకీటాకీల బ్యాటరీలు చార్జింగ్ పెట్టే గదికి పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే. టిప్పరు వాణ్ని తర్వాత పట్టుకున్నారు, దానిలో నా పాత్ర ఏమీ లేదు.

ఆ ఆదివారం ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ముసలమ్మ మేకలకి ఆకు కోస్తోంది. నేనెవరో చెప్పాను.

"నువ్వా బావూ ఆ పోన్లోన? గుంటంటే గొయ్యనుకున్నావా?" నన్ను ఎగాదిగా చూసింది. "మాటకి మావైపోడి లాగున్నావు. ఏ ఊరు?"

చెప్పాను.

"అయితే మీ ఇంట గుంటలు లేరేటి?"

ఉన్నారన్నాను. ఆవిడ కూర్చోమనలేదు. ఆ పిల్ల పక్కింటి అరుగు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని లెక్కలు చేసుకుంటోంది. నావైపు ఒకసారి చూసి మళ్లీ పుస్తకంలోకి చూసింది. ఇన్నేళ్లకి, ఇప్పుడు నడుస్తుంది. కొంచెం ఈడుస్తుంది.

రిటైరైన తర్వాత, మొన్న వానల్లో స్కూటరు మీద వస్తుంటే కల్వర్టు దగ్గర కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడి ఉంది. కంట్రోల్ రూమ్‌కి ఫోను చేశాను. ఆమె గొంతే.

"కల్వర్టుకి ఇవతల తీగ తెగి పడ్డాది" అన్నాను.

"ఇవతలంటే? మీరు ఏ ఊరి పక్కన నిలబడ్డారు?"

నిలబడ్డ ఊరు చెప్పాను.

"తీగ నేల మీదున్నాదా, వేలాడుతున్నాదా?"

"నేల మీద."

"మనుసులెవురైనా ఉన్నారా?"

"లేరు. ఒక గేదె పడుకొని ఉన్నాది."

"పడుకున్నాదా, పడిపోనాదా?"

అప్పటిదాకా నేను సరిగ్గా చూడలేదు. "సూసి సెప్తాను" అని ఒక అడుగు వేశాను.

"దగ్గరకెల్లకు బాబాయ్. ఉన్నకాడి నుంచే సూడు."

ఆగిపోయాను. ముఖం మీది వాన చేత్తో తుడుచుకుని చూశాను. గేదె తీగకి చాలా దూరంలోనే ఉంది, నెమరు వేస్తోంది. అదే చెప్పాను. ఆమె మొత్తం మొదటినుంచి నాకు తిరిగి చదివింది, ఊరు, కల్వర్టు, తీగ, గేదె, నెమరు, నేనన్న మాటలతోనే.

"సరేనా?"

"సరే" అన్నాను. బండి వచ్చేదాకా అక్కడే నిలబడి, వచ్చేవాళ్లని ఆపాను.